అద్దంలా తుడిచిన బ్యారెల్

తెనాలి జంక్షన్‌లో దిగేసరికి ఉదయం ఐదూ నలభై. జూలై నెల, సన్నటి వాన. ఒక ఇనప ట్రంకు, ఒక పరుపుచుట్ట, జేబులో పోస్టింగ్ ఆర్డరు. మూడేళ్ళు మంచుకొండల్లో కాపలా కాసి వచ్చాను. మాది కొల్లూరు. ఇంటి దగ్గరే డ్యూటీ పడిందని తోటివాళ్ళు కుళ్ళుకున్నారు. "హవల్దార్‌గారికి ఇక రోజూ పెళ్ళి భోజనమే" అని ఆటపట్టించారు. నేనూ అలాగే అనుకున్నాను.

పని, కాలేజీ క్యాడెట్లకు రైఫిల్ కాల్చడం నేర్పడం. తెనాలి, బాపట్ల, రేపల్లె కాలేజీలు మా కింద. ఆయుధాల గదిలో పది రైఫిళ్ళు. అన్నీ పాయింట్ టూ టూ, చిన్న గుండు రకం. ఒక్కో గుండుకూ చేత్తో బోల్టు లాగి మూయాలి. పాతిక మీటర్ల దూరం.

సుబేదార్ సాబ్ మొదటి రోజే చెప్పారు. "డిసెంబరులో బాపట్లలో ఎంపిక. రెండేళ్ళుగా మన పిల్లలు ఒక్కరూ నెగ్గలేదు. ముందు రైఫిళ్ళ సంగతి చూడు."

చూశాను. నాలుగో నంబరు దానితో ఐదు గుండ్లు కాలిస్తే కాగితం నిండా చల్లినట్టు పడ్డాయి. ఆయుధాల గది బాధ్యత నాయక్‌ది. పిట్టలవానిపాలెం మనిషి.

"దీన్ని పక్కన పెట్టేద్దాం సార్. ముసల్ది అయిపోయింది."

"ముసల్దైతే రోజూ ఒకేలా తప్పుతుందయ్యా. ఇది రోజుకో వైపు పోతోంది. ఏంటో చూద్దాం ఉండు."

జేబులో రేపల్లె బస్సు టిక్కెట్టు ఉంది. దాన్ని మడిచి బ్యారెల్ గొట్టానికీ కింది చెక్కకీ సందులో జొనిపాను. సగం పోయి ఇరుక్కుంది. మా డెల్టా తేమకి చెక్క ఉబ్బి బ్యారెల్‌ని నెడుతోంది. ఉప్పుకాగితంతో మూడు సాయంత్రాలు అరగదీశాను. టిక్కెట్టు ఆ చివరి దాకా పోయింది. స్క్రూలు రెండూ ఒకే బిగువుకి బిగించి, రంగుతో గీత గీసి గుర్తు పెట్టాను. ఇసుక సంచి మీద ఆనించి కాల్చి చూశాను. ఐదు గుండ్లూ రూపాయి బిళ్ళంత చోట పడ్డాయి. నాయక్ టిక్కెట్టు తీసుకుని కళ్ళకద్దుకున్నాడు.

ఆ రైఫిల్ దుర్గకి కుదిరింది. రేపల్లె కాలేజీలో ఆఖరి సంవత్సరం. వాళ్ళ నాన్న సముద్రం మీద వేటకి పోతాడు. ఎంపికైతే రాష్ట్ర జట్టు. పరీక్షలైపోతే ఆమె ఇక క్యాడెట్ కాదు. అంటే ఉన్నది ఈ ఒక్క డిసెంబరే.

"కదలకుండా పడుకోవడం కష్టంగా ఉందా అమ్మా?" అని అడిగాను.

"ఇదేం కష్టం సార్, పడవలో కూర్చుని వలలు సర్దేదాన్ని. నేల కదలట్లేదు గదండీ!"

ప్రతి షూటింగూ నోటుపుస్తకంలో రాసేవాణ్ణి. తేదీ, గంట, గాలి, ఏ పెట్టెలో గుండ్లు, ఎప్పుడు తుడిచాం. నవంబరు వచ్చేసరికి నాకు అన్నం సహించడం మానేసింది. కొండ మీద కాపలా ఉన్నప్పుడు పోయేది నా ప్రాణమే. ఇక్కడ పోతే ఇంకొకరి ఏడాది పోతుంది.

ఎంపిక ముందు రోజు మధ్యాహ్నం మూడింటికి చేతులు ఊరుకోలేదు. తాడుకి గుడ్డ కట్టి బ్యారెల్‌లోంచి లాగడం మొదలుపెట్టాను. గుడ్డ తెల్లగా వచ్చేదాకా లాగాను.

"మొన్నే తుడిచాం గదా సార్," అన్నాడు నాయక్. "బానే కొడుతోంది. ఇప్పుడు కదపడం దేనికండి?"

"మురికి బ్యారెల్‌తో పోటీకి పంపుతామా?"

పదిహేడేళ్ళ సర్వీసులో నా బ్యారెల్ వెలుతురుకి పెట్టి చూసి ఏ అధికారీ వంక పెట్టలేదు. అద్దంలా మెరవాలి. నాకు తెలిసింది అదే.

బాపట్లలో ఉదయం ఎనిమిదీ ఇరవై. సముద్రం వైపు నుంచి కొద్దిగా గాలి. సరిచూసుకునే గుండ్లు లేవు. పది గుండ్లు, పదీ లెక్కలోకే. దూరదర్శిని పెట్టి చూస్తున్నాను. మొదటిది పైకి, ఎడమకి. దుర్గ వెనక్కి తిరిగి నన్ను చూసింది. కానియ్యమని చెయ్యి ఊపాను. రెండోది కుడికి. మూడు, నాలుగు చెరో మూల. తర్వాతి ఆరూ ఒకే చిల్లు చేశాయి. ఒక్క స్థానం తేడాతో ఎంపిక పోయింది.

"చెయ్యి వణికింది సార్. మా వాళ్ళంతా గుర్తొచ్చారు. నాదే తప్పండి."

"పర్లేదమ్మా" అన్నాను.

తెనాలి వచ్చి నోటుపుస్తకం తీశాను. మూడు చోట్ల నా చేతిరాతే: తుడిచాక మొదటి నాలుగు చెదిరాయి. పక్కనే, క్యాడెట్ కుదురుకోవడానికి టైము పడుతోంది, అని. అప్పుడు తట్టింది. ఆ చిన్న గుండ్లకి మైనంలాంటి జిడ్డు ఉంటుంది. లోపల అది పలచగా పట్టుకున్నాకే గుండు ఒకే దారిన పోతుంది. అద్దంలా తుడిస్తే ఆ జిడ్డు పోతుంది. మర్నాడు నాయక్‌తో కలిసి తుడిచి, ఇసుక సంచి మీద కాల్చి చూశాను. నాలుగు చెదిరాయి, ఆరు కలిశాయి. నాయక్ ఆ కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. తిడితే బాగుండేది.

సుబేదార్ సాబ్‌కి చెప్పాను. "జాబితా వెళ్ళిపోయింది. ఇక నోరు మూసుకో" అన్నారు. పదకొండు రోజులు మూసుకున్నాను. దుర్గ ప్రాక్టీసుకి రావడం మానేసింది.

పన్నెండో రోజు రేపల్లె బస్సెక్కాను. కాలేజీ ఆవరణలో, పట్టపగలు, రెండు కాగితాలు ఆమె చేతిలో పెట్టాను. ఒకటి నేను ఇసుక సంచి మీద కాల్చింది. రెండోది నిర్వాహకుల్ని బతిమాలి తెచ్చుకున్న ఆమె పోటీ కాగితం. జరిగింది చెప్పాను.

చాలాసేపు రెంటినీ పక్కపక్కన పెట్టి చూసింది.

"అయితే నా చెయ్యి వణకలేదా సార్?"

"లేదమ్మా. ముందురోజు వణికింది నాది."

"పదకొండు రోజులండీ. పిరికిదాన్నని మా అమ్మకి నేనే చెప్పుకున్నాను." ఆ గొంతులో కోపం ఉంది. ఉండాలి. తల వంచుకుని నిలబడ్డాను.

తర్వాత ఆమె తన కాగితాన్ని ఎండకి ఎత్తి పట్టుకుంది.

ఇంకో రెండేళ్ళు చేసి, అదే ట్రంకుతో కొల్లూరు చేరుకున్నాను. కొండల మీద చూసినవి చాలా మరిచిపోయాను. ఇది పోదు. ఆరు గుండ్ల చిల్లులోంచి ఎండ ఆమె చెంప మీద ఒకే మచ్చగా పడింది. మిగతా నాలుగూ విడివిడిగా పడ్డాయి. ఆ నాలుగూ నావి.