ఇరవై అడుగుల చీకటి గది

1999 జూన్ మొదటి వారంలో, పంజాగుట్టలోని ఒక ట్రస్టు కంటి ఆసుపత్రిలో పనిచేస్తున్న నన్ను ఓపీ నుంచి బడిపిల్లల శిబిరాల విభాగానికి మార్చారు. నా హోదా ఆప్తాల్మిక్ అసిస్టెంటు. చూపు కొలవడం, అద్దాల పవర్ తేల్చడం, అనుమానం ఉన్నవాళ్ళను డాక్టరు దగ్గరికి పంపడం మా పని. అప్పటికి నాది పదకొండేళ్ళ సర్వీసు. అమీర్‌పేట, బల్కంపేట, ఎర్రమంజిల్ చుట్టుపక్కల ఉన్న పది సర్కారు బడుల్లో పిల్లలందరి కళ్ళూ దసరా సెలవుల్లోపు పరీక్షించాలని ఆర్డరులో రాశారు. ఖర్చు భరించే దాతల కమిటీ ఆగస్టులో వచ్చి పని చూస్తుంది. నచ్చితే విభాగం ఉంటుంది, లేకపోతే మూసేస్తారు.

కంటి పరీక్షకు రెండు వసతులు తప్పనిసరి. అక్షరాల చార్టుకూ పిల్లవాడికీ మధ్య ఆరు మీటర్ల దూరం ఉండాలి. ఆ తర్వాత రెటినోస్కోపీకి చీకటి గది కావాలి. రెటినోస్కోపు అంటే చేతిలో పట్టుకునే చిన్న దీపం. దాని సన్నని వెలుతురు గీతను కనుపాపలోకి వేస్తే లోపల నారింజ రంగు మెరుపు కదులుతుంది. ఆ కదలిక ఆగేదాకా అద్దాలు మారుస్తూ పోతే ఆ కంటి పవర్ ఎంతో తెలుస్తుంది. గదిలో వెలుతురుంటే కనుపాప ముడుచుకుపోతుంది, మెరుపు వెలవెలబోతుంది.

అమీర్‌పేటలో ఆ రోజుల్లో దొరకనివి సరిగ్గా ఈ రెండే. అంతకుముందు శిబిరాలకు ఊరికే ఇచ్చిన హాళ్ళన్నీ కంప్యూటర్ కోచింగు సెంటర్లయిపోయాయి. మెట్ల కింద ఖాళీలో కూడా నాలుగు కంప్యూటర్లు పెట్టి జావా చెప్పేవారు. బడుల్లో చూద్దామంటే చాలా గదుల కిటికీలకు తలుపుల్లేవు. దుప్పట్లు కట్టి ఒక వారం ప్రయత్నించాను. గాలి వేసినప్పుడల్లా దుప్పటి లేచేది.

ఆసుపత్రి జీపు డ్రైవరు యాదగిరి నా అవస్థ చూశాడు. శుక్లం ఆపరేషను చేయించుకున్న ఒక పెద్దావిడను ఆయన పంజాగుట్టలోని ఆమె ఇంటికి దింపి వచ్చేవాడు.

"మేడం, గా పెద్దమ్మ ఇంట్ల షెడ్డుల ఒక డబ్బా బండి ఉన్నది. పైకప్పు లేస్తదంట, లోపల మంచాలు సుత ఉన్నయంట. జర చూస్తరా?" అన్నాడు.

మర్నాడే వెళ్ళాం. పెద్దావిడ భర్త ఆనకట్టలు కట్టిన ఇంజనీరు. ఆయనతో పనిచేసిన విదేశీ ఇంజనీరు ఒకాయన తన దేశానికి వెళ్ళిపోతూ ఆ బండిని వీళ్ళకు వదిలిపెట్టాడట. కారు వెనక తగిలించి లాక్కెళ్ళే బండి అది. మూసి ఉంటే నడుమెత్తు అల్యూమినియం పెట్టెలా ఉంటుంది. ముందున్న పిడి తిప్పితే లోపలి ఉక్కు తాడు నాలుగు మూలల స్తంభాలను పైకి లేపుతుంది, వాటితోపాటు పైకప్పు లేస్తుంది. రెండు చివరలా రెండు మంచాలు సొరుగుల్లా బయటికి వస్తాయి. చుట్టూ గోడలకు బదులు కాన్వాసు గుడ్డ.

యాదగిరి పిడి తిప్పాడు. కప్పు సగం లేచి ఆగిపోయింది. లోపల కాన్వాసు చీకిపోయి చేతికి పొడిపొడిగా రాలింది, ఎలుకల కంపు. చక్రాలు నేలకు అతుక్కున్నాయి. అయినా నాకు ఎందుకో ఆశ కలిగింది. మంచాలు రెండూ బయటికి లాగించి ఈ చివర నుంచి ఆ చివరకు టేపు పెట్టి కొలిచాను. ఇరవై అడుగుల రెండు అంగుళాలు. మనకు కావలసిన ఆరు మీటర్లంటే పంతొమ్మిది అడుగుల ఎనిమిది అంగుళాలు. ఒక చివర చార్టు, రెండో చివర పిల్లలు. కొలత తప్పిందేమోనని మళ్ళీ కొలిచాను.

"కోళ్ళగూడు చేసుకుంటామని ఇద్దరు అడిగారమ్మా, ఇవ్వలేదు," అన్నారు పెద్దావిడ. "మీరు పిల్లల్ని కూర్చోబెడతారుగా. తీసుకెళ్ళండి." ఆవిడ ఆ మాట అనకపోయి ఉంటే నా ఉద్యోగంలో ఇంత మంచి భాగం ఉండేది కాదు.

మా సూపరింటెండెంటు డాక్టర్ వసుంధర గారు మితభాషి. బండిని ఆసుపత్రి ఆవరణలోకి లాక్కొచ్చినప్పుడు చుట్టూ ఒకసారి తిరిగి, "పద్మా, ఇది బండా, గుడారమా?" అని అడిగారు.

"రెండూ మేడం," అన్నాను.

"నెల రోజులిస్తున్నాను," అని లోపలికి వెళ్ళిపోయారు. మరమ్మతు సామాన్ల కొనుగోలు కాగితాల మీద ఆ సాయంత్రమే సంతకం చేశారు. బండి పేరు మార్పు కోసం యాదగిరి ఖైరతాబాద్ రవాణా ఆఫీసుకు వెళ్ళి పూర్తిచేసుకొచ్చాడు.

ఉక్కు తాడు రాణిగంజ్‌లో దొరికింది. పాత చక్రాల సైజు టైర్లు ఎక్కడా లేకపోవడంతో వెల్డరు చేత ఇరుసు మార్పించి జీపు చక్రాలు బిగించాం. కప్పు పగుళ్ళను ఫైబరు అతికేవాడు పూడ్చాడు. ఇవన్నీ పది రోజుల్లో అయ్యాయి. మిగిలింది గుడ్డ. దానికోసం యాదగిరి నన్ను అమీర్‌పేటలో కరీం భాయ్ దుకాణానికి తీసుకెళ్ళాడు. కరీం భాయ్‌కి అరవై దాటి ఉంటాయి. ఆటోలకూ జీపులకూ టాపులు కుట్టేవాడు. అది వానాకాలం, దుకాణం ముందు ఆటోలు వరసకట్టి ఉన్నాయి.

ఆయన పాత కాన్వాసు ముక్కను వేళ్ళ మధ్య నలిపి, "గిది మామూలు గుడ్డ కాదు మేడం. ఎవరు కుట్టిండ్రో గని మస్తు కుట్టిండ్రు," అన్నాడు. తర్వాత బ్లేడుతో కుట్లన్నీ విప్పి, ఇరవై మూడు ముక్కలనూ నేల మీద పరిచి, ఒక్కొక్కదాని చుట్టూ సుద్దతో గీసుకున్నాడు. బయట ఆటోవాళ్ళు గొణుగుతున్నారు. నాకు మొహమాటంగా ఉండి, వాళ్ళ పని ముందు చూడమన్నాను.

"ఆటోకు టాపు లేకుంటే తడుస్తరు, గంతే. పిల్లల కండ్లు గట్ల కాదు గద. మీరు ఫికర్ చేయకున్రి," అన్నాడు.

జులై ఆఖరుకు బండి సిద్ధమైంది. కమిటీ రావడానికి పది రోజులుంది. బల్కంపేటలో బోనాల జనం సద్దుమణిగాక, అక్కడి ఒక బడి ఆవరణలో బండి నిలిపి మొదటి శిబిరం పెట్టాను. ఒక్క రోజులో ముప్పై ఒక్క మంది పిల్లలను చూశాను. ఇద్దరికి తప్ప అందరికీ రిజిస్టరులో 'సాధారణం' అని రాసి, జాబితా హెడ్మాస్టరు గారికి ఇచ్చి వచ్చాను.

మూడో రోజు మధ్యాహ్నం కరీం భాయ్ తన పని ఎలా కుదిరిందో చూసుకుందామని ఆసుపత్రికి వచ్చాడు. బండి తెరిచి ఉంది. లోపలికి వెళ్ళి తలుపు గుడ్డ మూసుకున్నాడు. చాలాసేపు బయటికి రాలేదు. చివరికి లోపల్నుంచే పిలిచాడు.

"మేడం, జర లోపలికి రాండ్రి. వచ్చి తలుపు వేయున్రి."

వెళ్ళి ఆయన పక్కన బల్ల మీద కూర్చున్నాను. మొదట చీకటిగానే అనిపించింది. రెండు మూడు నిమిషాలయ్యాక కుట్లవెంట చుక్కలు కనిపించాయి. ప్రతి సూది రంధ్రంలోంచీ ఎండ లోపలికి వస్తోంది. గుడ్డ గుండా కూడా పల్చటి పసుపు వెలుతురు దిగుతోంది. కాసేపటికి నా చేతి గీతలు నాకు కనిపించాయి.

"తప్పు నాదే మేడం," అన్నాడు కరీం భాయ్. "టార్పాలిన్ కుట్టే లావు సూది వాడిన. నా కుట్టు వానకు ఆగుతదా లేదా అని చూసిన గని, ఎండకు ఆగుతదా అని చూడలే."

ఆయన అలా అన్నాడు గానీ నాకు నిజం తెలుసు. శిబిరం రోజున పొద్దున మబ్బుగా ఉంది. పదకొండు తర్వాత ఎండ వచ్చింది. అప్పటి నుంచి పిల్లల కళ్ళలో మెరుపు వెలిసిపోయినట్టు కనిపించడం నేను గమనించాను. గమనించలేదని ఇప్పుడు రాస్తే అబద్ధమవుతుంది. కొత్త బండి, దగ్గరపడ్డ కమిటీ, బయట వరసలో పిల్లలు. పిల్లలు చార్టు చదివేస్తున్నారు కదా అని సరిపెట్టుకున్నాను. చార్టు చదివినంత మాత్రాన కన్ను బాగున్నట్టు కాదని నాకు పదకొండేళ్ళుగా తెలుసు. ప్లస్ పవర్ ఉన్న పిల్లలు కంటి కండరాన్ని బిగబట్టి అన్ని అక్షరాలూ చదివేస్తారు, తర్వాత తలనొప్పితో బాధపడతారు. వాళ్ళను పట్టుకోవడానికే రెటినోస్కోపీ.

నేరుగా వసుంధర గారి గదికి వెళ్ళాను. సంతకం చేసి ఇచ్చిన జాబితా నమ్మదగ్గది కాదని చెప్పాను. మెమో ఇస్తారనే అనుకున్నాను. ఇచ్చినా తప్పులేదు.

"ఎంతమంది?" అని అడిగారు.

"ముప్పై ఒక్క మంది మేడం."

రిజిస్టరు తెప్పించుకుని ఆ రోజు పేజీ చూశారు. తర్వాత, "రిజిస్టరులో ఆ పేజీ కొట్టెయ్యకు. అడ్డంగా ఎర్ర సిరాతో 'మళ్ళీ చూడాలి' అని రాసి, నీ సంతకం, తేదీ వెయ్యి. కింద నేనూ పెడతాను," అన్నారు.

"కమిటీ వచ్చి అడిగితే మేడం?"

"అడిగితే చెబుదాం."

కమిటీ వచ్చిన రోజున బండికి గోడల్లేవు, గుడ్డంతా కరీం భాయ్ దుకాణంలో ఉంది. నాలుగు స్తంభాలూ పైకప్పూ మాత్రమే ఆవరణలో నిలబడి ఉన్నాయి. వసుంధర గారు ఆ ముగ్గురు సభ్యులనూ దాని దగ్గరికే తీసుకెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పారు. రిజిస్టరులో ఆ పేజీ తెరిచి చూపించారు. వాళ్ళు సంతోషించలేదు. పది బడులను ఆ ఏడాదికి ఐదుకు తగ్గించారు, విభాగాన్ని డిసెంబరు దాకా మాత్రమే పొడిగించారు. విభాగాన్ని మూసేస్తారనే నేను అనుకుని ఉన్నాను.

కరీం భాయ్ ఈసారి లోపలివైపు దట్టమైన నల్ల గుడ్డతో రెండో పొర వేశాడు. పై పొర కుట్టు మీద లోపలి పొర కుట్టు పడకుండా నాలుగు వేళ్ళు పక్కకు జరిపి కుట్టాడు. తలుపు జిప్పు మీద అరచేతి వెడల్పు మడత పెట్టాడు. ప్రతి గోడ బిగించాక మిట్టమధ్యాహ్నం నన్ను పిలిచి, తనతోపాటు లోపల పది నిమిషాలు కూర్చోబెట్టేవాడు. నేను చాలన్నా ఆయన ఒప్పుకోలేదు. చివరి రోజు నా చెయ్యి ముఖం ముందు ఊపుకున్నా కనిపించలేదు. అప్పుడు ఆయన నవ్వడం విన్నాను.

బల్కంపేట పిల్లలను మళ్ళీ పరీక్షించాను. మొదటిసారి నేను 'సాధారణం' అని రాసినవాళ్ళలో ముగ్గురికి ప్లస్ పవర్ ఉంది. వాళ్ళలో నాలుగో తరగతి రేణుకకు ఎక్కువ. పుస్తకం తెరిస్తే తల పట్టుకుంటుందనీ, ఒట్టి బద్ధకమనీ టీచరు చెప్పింది. చుక్కల మందు వేసి డాక్టరు నిర్ధారించాక అద్దాలు ఇచ్చాం. రేణుక అద్దాలు పెట్టుకుని తన తెలుగు వాచకం తెరిచి, ఒక పేజీ అంతా ఆగకుండా చదివింది. మేమెవరమూ చదవమని అడగలేదు.

ముప్పై ఒక్క మందిలో ముప్పై మందినే చూడగలిగాను. మూడో తరగతి మల్లేశ్వరి తల్లిదండ్రులు భవనాలు కట్టే కూలీలు. వాళ్ళు పనిచేస్తున్న భవనం పూర్తవడంతో ఇంకో చోటికి వెళ్ళిపోయారు. యాదగిరి, నేను కొండాపూర్ దాకా నాలుగైదు కట్టడాల దగ్గర అడిగాం. ఆచూకీ దొరకలేదు. ఆ పిల్ల కళ్ళు బాగానే ఉండి ఉండవచ్చు. నాకు తెలియదు.

డిసెంబరులో విభాగాన్ని మరో ఏడాది పొడిగించారు, ఆ తర్వాత మరో రెండేళ్ళు. ఆ బండిని ఆరేళ్ళు వాడాం. పెద్దావిడ, యాదగిరి, కరీం భాయ్, వసుంధర గారు, ఈ నలుగురిలో ఏ ఒక్కరు తమ పని కాదనుకున్నా అది జరిగేది కాదు. నా తప్పును దాచిపెట్టకుండా, నన్ను తప్పించకుండా, నాచేతే దిద్దించినందుకు వసుంధర గారికి ప్రత్యేకంగా రుణపడి ఉన్నాను.

మా రిజిస్టరులో అప్పటిదాకా ఫలితానికి రెండే గడులుండేవి. ఒకటి 'సాధారణం', రెండోది 'ఆసుపత్రికి పంపాలి'. తర్వాతి ముద్రణలో మూడో గడి పెట్టమని అడిగాను, పెట్టారు. దానికి 'సందేహం' అని పేరు. పదవీ విరమణ దాకా నా దగ్గర శిక్షణ పొందిన ప్రతి అసిస్టెంటు రిజిస్టరులోనూ నేను మొదట చూసేది ఆ గడినే. నెల రోజుల పాటు అది ఖాళీగా ఉంటే, వాళ్ళు చూసిన పిల్లల్లో కొందరిని నేను మళ్ళీ చూసేదాన్ని.