అవ్వ నోట తాత పేరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో తాత పేరు అందరికీ తెలుసు, పలికేవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. అవ్వకు ఆయన భర్త, మా అమ్మకు మామ. భర్త పేరు పెళ్లాం నోట వస్తే ఆయన ఆయుష్షు తరిగిపోతుందని, మామ పేరు కోడలు పలికితే ఇంటికి అరిష్టమని మా వాడలో గట్టి నమ్మకం. మా నాయినేమో ఏడాదిలో సగం రోజులు పట్నంలో కట్టడాల పనికి పోయేవాడు. కాబట్టి తొమ్మిదేళ్లు వచ్చేదాకా నాకు తాత అంటే తాతే. ఆయనకు వేరే పేరొకటి ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు.

అవ్వ ఆయన్ను పిలవాల్సి వస్తే "ఇగో, ఇంటున్నవా" అనేది. బయటివాళ్లకు చెప్పాల్సి వస్తే "గుట్ట మీది దేవుని పేరు" అనేది. మా దిక్కు గుట్ట అంటే యాదగిరిగుట్టే, ఇంకోటి కాదు. ఊళ్లోవాళ్లకు ఆ మాట చాలు. మా వాడలో ప్రతి ఇల్లాలికీ ఇలాంటి చుట్టుదారి ఒకటి ఉండేది. ఓట్లు వచ్చేదాకా అది నవ్వుకునే ముచ్చటే.

మాది మర్రిగూడ దిక్కు మెట్ట ఊరు. మా నియోజకవర్గంలో పల్లెలూ తండాలూ తప్ప చెప్పుకోదగ్గ ఊరు లేదు. ప్రతిసారీ ఎమ్మెల్యే అయ్యేది మా ఊరి దొర బావమరిదే. ఆయన మొహం మా వాడవాళ్లు ఎన్నడూ చూడలేదు, చూపించాల్సిన అవసరం ఆయనకూ పడలేదు. ఎందుకంటే ఓట్ల రోజు బడిలో దొర గుమాస్తా ఏజెంటుగా కూర్చునేవాడు. ఓటరు జాబితాలో ఆడవాళ్ల పేరు పక్కన భర్త పేరు ఉంటుంది కదా, అధికారి ఆ పేరు అడుగుతాడు. మా ఆడవాళ్లు తల వంచుకుని నిలబడతారు. చెప్పినట్టు వినే మనిషైతే గుమాస్తా తానే ఆ పేరు అందించేవాడు. విననిదైతే ఏమీ తెలియనట్టు కిటికీలోంచి బయటికి చూసేవాడు. ఆమె సిగ్గుపడి వెనక్కి వచ్చేసేది. పొద్దు వాలేలోపు ఆమె ఓటు ఇంకెవరో వేసిపోయేవారు.

మా అవ్వ విననివాళ్ల లెక్కలోకి వచ్చింది. దానికి కారణం నీళ్లు. మా వాడ బావి నీళ్లు తాగి మా పళ్లన్నీ గారపట్టిపోయాయి. తాతకు నలభై దాటేసరికే మోకాళ్లు వంగిపోయి, నులకమంచానికి అతుక్కుపోయాడు. దొర తోటబావి నీళ్లు మాత్రం తియ్యగా ఉండేవి. అందులోంచి మా వాడకు రోజుకు రెండు కడవలు తోడుకోనివ్వమని అవ్వ ఒకసారి దొర ఉండే గడీ ముందు నిలబడి అడిగింది. నీళ్లు రాలేదు కానీ, గుమాస్తా మనసులో అవ్వ పేరు పక్కన ఒక గీత పడింది.

ఆ తర్వాత వచ్చిన ఓట్లకు అవ్వ పోయింది. ఆ అధికారి ఎక్కడో కోస్తా దిక్కునుంచి వచ్చిన మనిషట. అవ్వ "గుట్ట మీది దేవుని పేరు సార్" అంటే, తిరుపతి కొండ అనుకుని ఆయన జాబితాలో వెంకటేశ్వర్లు కోసం వెతికాడు. ఉంటే కదా దొరకడానికి. గుమాస్తా కిటికీలోంచి బయటికి చూశాడు. మర్నాడు కల్లం దగ్గర అవ్వ ఎదురుపడితే ఎంతో మర్యాదగా, "నీ ఓటు పడ్డదమ్మా, ఫికర్ చెయ్యకు" అన్నాడట. ఆ మాట అవ్వ ఐదేళ్లు మోసింది. తిట్టి ఉంటే మరిచిపోయేదేమో.

ఇవన్నీ నాకు తర్వాత తెలిసినవి. నేను కళ్లారా చూసింది ఆ తర్వాతి ఓట్లు.

ఈసారి పోటీకి నిలబడినవాళ్లలో బడిపంతులు ఉద్యోగం వదిలేసిన ఒకాయన ఉన్నాడు. సైకిలు మీద తిరిగేవాడు. మా వాడకు వచ్చి, తాత మంచం అంచున కూర్చుని, ఆ వంగిపోయిన మోకాలి మీద చెయ్యి పెట్టి చూశాడు. ఇది ముసలితనం కాదు, మీ బావి నీళ్లే ఇట్లా చేస్తున్నాయి, గెలిపిస్తే అసెంబ్లీలో మొట్టమొదట ఈ మాటే అడుగుతాను అన్నాడు. ఆయన పోయాక అవ్వ గిన్నెలు తోముతూ, "ఈపారి నా ఓటు నేనే ఏస్త" అంది, ఎవరితోనూ కాదు, గిన్నెలతో.

అయితే పేరెవరు చెప్పాలి? అవ్వ ఒక ఉపాయం ఆలోచించింది. పిల్లలు తాత పేరు పలికితే తప్పులేదు. నన్ను వెంట తీసుకుపోతుంది, అధికారి అడిగినప్పుడు నేను చెబుతాను. మరి నాకు నేర్పేదెవరు? అవ్వ పలకదు, అమ్మ పలకదు. చివరికి తాత దగ్గరికే పంపారు. ఆయన నన్ను మంచం పక్కన కూర్చోబెట్టుకుని తన పేరు తానే నాలుగుసార్లు చెప్పి, నాతో చెప్పించాడు. తన పేరు నా నోట వింటూ ముసిముసిగా నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, "దొరతోని మనకెందుకు అని చెప్పరాదే మీ అవ్వకు" అన్నాడు. ఆ మాట మాత్రం నేను అవ్వకు చేరవేయలేదు.

ఓట్ల రోజు పొద్దున్నే అవ్వ ఉతికిన చీర కట్టుకుని నా చెయ్యి పట్టుకుని బయలుదేరింది. దారి పొడుగునా నేను ఆ పేరు లోలోపలే వల్లె వేసుకున్నాను. మా బడే ఆ రోజు పోలింగు కేంద్రం. నేను కూర్చునే గదిలోనే బల్ల వేసి అధికారి కూర్చున్నాడు, పక్కన బెంచీ మీద గుమాస్తా. మా వెనుక మా వాడ ఆడవాళ్లే ఇరవై మంది దాకా ఉన్నారు.

అధికారి అవ్వ పేరు అడిగాడు. చెప్పింది. "భర్త పేరు చెప్పమ్మా" అన్నాడు. అవ్వ నా భుజం మీద తట్టింది. నేను నోరు తెరిచాను.

"చిన్నపిల్ల మాట చెల్లది సార్. పిల్లను బయటికి పంపుండ్రి" అన్నాడు గుమాస్తా, నవ్వుతూనే.

అధికారి కాసేపు ఆలోచించి, ఓటరే చెప్పాలమ్మా, పిల్లలు లోపల ఉండకూడదు అన్నాడు. ఒక పోలీసు నన్ను గడప దాటించాడు. అక్కడే నిలబడి చూశాను. అవ్వ తల మీది కొంగు ఇంకాస్త ముందుకు లాక్కుంది. అధికారి మళ్లీ అడిగాడు. ఆమె పలకలేదు. మూడోసారి అడిగాడు. వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. పేరు చెప్పలేకపోయింది నేనేనన్నట్టు నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు గుమాస్తా ఒక మాట అన్నాడు. అనకుండా ఉండి ఉంటే అవ్వ ఆ రోజు కూడా తిరిగి వచ్చేసేదేమో.

"గీమె జాబితాల ఉన్నామె కాదు సార్. ఆయన పెండ్లాం వేరే. గీమె ఎవరి ఓటో ఏసిపోదామని వచ్చింది."

అవ్వ తలెత్తింది. కొంగు జారిపోయింది, సర్దుకోలేదు. అధికారి వైపు కాదు, గుమాస్తా వైపు తిరిగింది.

"యాదయ్య" అంది. "నా పెనిమిటి పేరు యాదయ్య. ఇన్నవా? ఇనవడకపోతే ఇంకోపారి చెప్త. యాదయ్య. ఆయనకు ముగ్గురు పిల్లల్ని కన్న, ఆయన మోకాళ్లకు ఇరవై ఏండ్లసంది కాపడం పెడుతున్న. నేను ఆయన పెండ్లాన్ని కాదా?"

వరసలో ఆడవాళ్లు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. గుమాస్తా మొహంలో నవ్వు మాయమైంది. "సార్, అభ్యంతరం రాసుకోండ్రి" అని ఏదో గొణిగాడు. అధికారి జాబితాలో వేలు పెట్టి, పేరు సరిపోయింది కదండీ, ఇంకేం అభ్యంతరం అని అవ్వ వేలికి సిరా పెట్టించాడు.

గోనెపట్టా చాటున అవ్వ చాలాసేపు ఉంది. బయటికి వచ్చేసరికి ఆ ఓటు కాగితాన్ని ఎన్ని మడతలు పెట్టిందో, పెట్టె సందులో పట్టలేదు. అధికారి చెబితే రెండు మడతలు విప్పి, లోపలికి తోసి, పడిందో లేదో అని వంగి చూసింది.

బడి దాటేదాకా నిటారుగా నడిచింది. దాటాక ఒక బండ మీద కూలబడింది. "ఏం పని చేస్తిని బిడ్డా, ముసలాయనకేమన్నయితే ఎట్ల" అంది. అంతమందిలో నిలబడి అంత మాట అన్న మనిషి, నమ్మకాన్ని మాత్రం ఒక్క పూటలో వదిలించుకోలేకపోయింది. నేను ఇప్పటికీ అవ్వను తలుచుకుంటే గదిలోని అవ్వ కన్నా బండ మీది అవ్వే ముందు గుర్తొస్తుంది. ఆమె భయం లేక చెప్పలేదు. అంత భయం పెట్టుకునే చెప్పింది.

ఇద్దరం ఉరుకులు పరుగుల మీద ఇంటికొచ్చాం. మాకన్నా ముందే వార్త చేరింది. తాత మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. బాగానే ఉన్నాడు. అవ్వ గడప దగ్గరే ఆగిపోయింది.

"నా పేరు ఊరంత ఇనవడ్డదంట. నాకొక్కనికే ఇనవడలే" అన్నాడు తాత.

అవ్వ ఆయన్ను పైనుంచి కిందిదాకా చూసింది. బతికే ఉన్నాడని రూఢి చేసుకున్నాక, "మల్ల ఓట్లొచ్చినప్పుడు వచ్చి ఇను" అని పొయ్యి దగ్గరికి పోయింది.

సైకిలు పంతులు ఓడిపోయాడు, అదీ ఘోరంగా. ఆ ఏడు దొర పొలాల్లో కోతలకు మా ఇంటికి పిలుపు రాలేదు. అవ్వ, అమ్మ పొరుగూరికి కంకర కొట్టడానికి పోయారు. సాయంత్రాలు అవ్వ అరచేతుల బొబ్బలకు నేను ఆముదం రాసేదాన్ని. చెప్పకపోయి ఉంటే బాగుండేదని ఒక్కరోజు కూడా అనలేదు. ఎవరైనా జాలిపడబోతే మాట మార్చేది.

కానీ ఆ వేసవిలో బావి దగ్గర ఒక వింత మొదలైంది. మగవాళ్లెవరూ లేనప్పుడు ఆడవాళ్లు ఒకరితో ఒకరు తమ మొగుళ్ల పేర్లు పలికించుకునేవాళ్లు. పక్కింటి అక్క తన భర్త పేరు సగం పలికి, సిగ్గుతో కడవ వదిలేసి పగలగొట్టుకుంది. ఇంకొకామె బావిలోకి వంగి, నీళ్లకు మాత్రమే వినిపించేలా చెప్పింది. ఐదేళ్లపాటు అట్లా సాధన చేశారు మా వాడ ఆడవాళ్లు. మళ్లీ ఓట్లు వచ్చినప్పుడు గుమాస్తా ఆ బెంచీ మీదే కూర్చున్నాడు కానీ, అందించడానికి ఆయన దగ్గర ఒక్క పేరూ మిగల్లేదు. తాత ఇద్దరి భుజాల మీద చేతులు వేసుకుని, బడి దాకా కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చాడు. తన ఓటు వేసి, వెళ్లిపోకుండా గుమ్మం పక్కన చేరగిలబడి, అవ్వ వంతు వచ్చేదాకా ఎండలో కూర్చున్నాడు. విన్నాడు. ఆయుష్షు తరగడం మాట అటుంచి, ఆ తర్వాత కూడా పదకొండేళ్లు బతికాడు.

ఇప్పుడు గడీ లేదు, గుమాస్తా లేడు. మన రాష్ట్రం మనకు వచ్చింది. మా వాడకు నల్లా నీళ్లూ వచ్చాయి. అవి చూడటానికి తాతా లేడు, అవ్వా లేదు. నా మోకాళ్లు తాత మోకాళ్ల దారే పట్టాయి, కళ్లకు మసక కమ్మింది. మొన్నటి అసెంబ్లీ ఎన్నికలకు ఒక పార్టీ కుర్రవాడు ఆటో తెచ్చి ఇంటి ముందు ఆపాడు. మర్యాద తెలిసినవాడు, చెప్పులు బయటే విడిచి లోపలికి వచ్చాడు.

"అవ్వా, నీకెందుకు తక్లీఫు. కండ్లు కనవడనోళ్లకు తోడు ఒక మనిషి పోవచ్చని కానూను ఉంది. నేనొస్త. నువ్వు ఏ గుర్తంటే గా గుర్తు మీద నేనే ఒత్తుత" అన్నాడు.

వాడి మొహంలో చెడ్డతనం ఏమీ లేదు. కానీ నాకు కోపం వచ్చింది, అరికాలి నుంచి వచ్చింది. మన తరఫున మాట్లాడతామనేవాళ్లు చాలావరకు మర్యాదగానే వస్తారు. అసెంబ్లీలో నా తరఫున మాట్లాడటానికి ఒక మనిషిని పంపాలి, అది నాకూ తెలుసు. ఆ మనిషి ఎవరన్నది చెప్పే నోరు మాత్రం నాదై ఉండాలి. అవ్వ నాకు ఇచ్చిపోయిన ఆస్తి అదొక్కటే, దాన్ని ఎవరి చేతికీ ఇవ్వలేదు.

ఆటో ఎక్కాను, అందులో తప్పేమీ లేదు. బడి దగ్గర దిగాక కర్ర పట్టుకుని నేనే నడిచాను. వరసలో నిలబడ్డాను. కుర్రవాడు ఇంకా నా మోచెయ్యి పట్టుకునే ఉన్నాడు. లోపల పెట్టె మీద గుర్తులు నాకు మసకగానే కనిపిస్తాయి. ముక్కు ఆనించి చూసుకుంటాను, ఎంతసేపైనా పట్టనీ.

గుమ్మం దగ్గర ఆగి వాడి వేళ్లు ఒక్కొక్కటే విడిపించాను.

"నా ఓటుకు నేనున్న బిడ్డా. నువ్వు జర పక్కకు జరుగు" అన్నాను.