వద్దన్న చెయ్యి

అస్సాం పైభాగంలో, బూఢీ దిహింగ్ నది ఒడ్డున ఉన్న ఆ పల్లెకు నేను పెళ్లి మాట అడగడానికి వెళ్ళాను. ఆదిలాబాద్‌లో నాతోపాటు ఒకే బ్యాంకు శాఖలో పనిచేసే అమ్మాయిది ఆ ఊరు. వాళ్ళు తాయ్ ఫాకే అనే చిన్న తెగవారు. బౌద్ధులు, వరి పండిస్తారు. ఆమెకు తండ్రి లేడు కనుక నిర్ణయం తల్లిదే.

"మా అమ్మ ఎక్కువ మాట్లాడది. నీతోని కూసొని అన్నం తింటది. గంతే" అని ఆమె ముందే చెప్పింది. ఆదిలాబాద్ ఉద్యోగం ఆమెకు మా మాటలు బాగానే నేర్పింది.

ఆ "గంతే" అన్న మాటే నన్ను దారి పొడవునా కుదురుగా ఉండనివ్వలేదు.

మా ఇంట్లో డిగ్రీ పట్టా పుచ్చుకున్న మొదటివాణ్ణి నేను. అమ్మను మేం అవ్వ అంటాం. అవ్వ, బాపు కరీంనగర్ దగ్గర మరమగ్గాల మీద, మా మాటల్లో సాంచెల మీద, పనిచేస్తారు. పరీక్ష ఎలా రాయాలో నాకు ఇంట్లో ఎవరూ చెప్పలేకపోయారు గానీ, పరాయి ఇంట్లో ఎలా తినాలో మాత్రం అవ్వ చెప్పగలదు. రైలెక్కే ముందు కూడా చెప్పింది.

"పిల్లనిచ్చే ఇల్లు. ఆగమాగం తినకు. మల్లోపారి తెస్తే చెయ్యి అడ్డం పెట్టు. వాళ్ళే బలిమీటికి పెడ్తరు."

"పెట్టకపోతే?"

"పెట్టకుంట ఎట్లుంటర్రా? మనుషులు గాదా?"

ఆ ఇల్లు గుంజల మీద నిలబెట్టినది. మెట్లెక్కి లోపలికి వెళితే నేలంతా వెదురు బద్దలే. గది నడుమ పొయ్యి, దాని పైన వేలాడదీసిన వెదురు తడకమీద చేపలు ఎండుతున్నాయి. తల్లి నన్ను ఒకసారి పరీక్షగా చూసి, చేతితో పీట చూపించి, మళ్ళీ పొయ్యి వైపు తిరిగింది. సాంచెల చప్పుడులో పెరిగిన నాకు ఆ నిశ్శబ్దంలో ఏం చేయాలో తోచలేదు. లేచాను, కిటికీలోంచి చూశాను, మళ్ళీ కూర్చున్నాను. నా కాలు దానంతట అదే ఆడుతోంది.

"కాలు ఊపకు. ఇల్లంత ఊగుతుంది" అంది ఆ అమ్మాయి మెల్లగా. పొయ్యి అవతల కూర్చున్న ఆమె మేనమామ తన టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకొని, భూకంపం వచ్చినట్టు నటించాడు.

మధ్యాహ్నం భోజనం పెట్టారు. ఆవిరి మీద ఉడికిన జిగట అన్నాన్ని వెడల్పాటి ఆకులో పొట్లం కట్టి ఇచ్చారు. ఇంకో ఆకులో చుట్టి నిప్పుల మీద కాల్చిన చేప, ఉప్పు మాత్రమే వేసి ఉడికించిన ఆకుకూర, పులిసిన వెదురు చిగుళ్లు. నూనె లేదు, చింతపండు లేదు. చేపలో పొగ వాసన, చిగుళ్లలో ముక్కుదాకా ఎక్కే పులుపు. అన్నం వేళ్ళకు అంటుకుంటుంటే ముద్ద చేయడం రాక తడబడ్డాను గానీ, ఆ రుచి నాకు మొదటి ముద్దలోనే నచ్చింది.

తల్లి రెండో పొట్లం అందించింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

ఆమె నా చెయ్యిని చూసింది. పొట్లాన్ని తిరిగి బుట్టలో పెట్టేసింది. చేప విషయంలోనూ అంతే జరిగింది. ఇప్పుడు అడుగుతుంది, ఇంకాసేపట్లో అడుగుతుంది అని నేను ఎదురుచూస్తుండగానే బుట్ట మూత పడింది. సాయంత్రం భోజనంలోనూ ఇదే వరస. మేనమామ ఏదో అన్నాడు. ఆ అమ్మాయి నవ్వకుండా తెలుగులో చెప్పింది: "బ్యాంకోళ్ళు పైసలు లెక్కవెడితేనే కడుపు నిండుతదా అంటుండు."

తరువాత ఆమె నన్ను మెట్ల దగ్గరికి పిలిచింది.

"నీకు మేము నచ్చలేదని అమ్మ అనుకుంటంది."

"ఎవరన్నరు?"

"నీ చెయ్యే అన్నది. రెండు పూటలా."

"వద్దంటే జర బలవంతం చెయ్యాలె గదా!"

"వద్దన్నోనికి ఎట్ల పెడ్తరు? నీ మాట అబద్ధమన్నట్టు గాదా? రేపు పొద్దుగాల నిన్ను మర్యాదగనే సాగనంపుతది. మల్ల రమ్మనది."

ఆ రాత్రి నాకు ఆకలి, భయం వేరువేరుగా తెలియలేదు.

ఉదయం భిక్షువుల పాత్రల్లో అన్నం పెట్టి వచ్చాక తల్లి మాకు వడ్డించింది. నాకు ఒక్క పొట్లమే ఇచ్చింది. అది అయిపోయింది. ఆమె రెండోది తీయలేదు. పరాయి ఇంట్లో నోరు తెరిచి అన్నం అడగడమంటే మా వాడలో తలవంపులు. చిన్నప్పుడు అలా అడిగినందుకే ఒకసారి నాకు వీపు పగిలింది. అయినా కంచం ముందుకు చాపాను.

"ఖావ్" అన్నాను. వాళ్ళ భాషలో అన్నానికి ఉన్న ఆ ఒక్క మాటే నాకు తెలుసు.

మేనమామ పకపకా నవ్వాడు. తల్లి నవ్వలేదు. ఏదో అడిగింది.

"ఎప్పటిసంది ఆకలని అడుగుతుంది" అంది ఆ అమ్మాయి.

"నిన్న మధ్యాహ్నం నుంచి."

పొట్లం విప్పుతున్న తల్లి చేతులు ఆగాయి. మళ్ళీ అడిగింది.

"మరి నిన్న అబద్ధమెందుకు చెప్పినవంటుంది."

మా ఆచారాన్ని వివరంగా, ఉదాహరణలతో చెప్పాను. ఆ అమ్మాయి దాన్నంతా రెండు ముక్కల్లో తేల్చేసింది. తల్లి నిప్పులు సర్దింది. తరువాత అన్నం నా కంచంలో పెట్టి, నెమ్మదిగా మాట్లాడింది.

బౌద్ధుల మూడు నెలల వానకాలపు వ్రతం మొదలవుతోందట. అది ముగిసేదాకా అక్కడ పెళ్లిళ్లు చేయరు. ముగిశాక మా అవ్వను తీసుకురమ్మంది. అన్నం తిన్నాకే మిగతా మాటలట.

"మీ అవ్వ గూడ గిట్లనే చెయ్యి అడ్డం పెడ్తదా అంటుంది."

"పెడ్తది" అన్నాను.

"అయితే చెప్పి తీసుకరావాల్నంట. అమ్మ ఒక్కపారే అడుగుతదంట."

నేను ఆ అన్నం తినేశాక తల్లి ఇంకో పొట్లం తీసి నా వైపు చాపింది. ఈసారి నిజంగానే కడుపు నిండింది. ఆ మాట ఏ మొహంతో చెబితే నమ్ముతుందో తెలియక, చేతులు ఒళ్ళో పెట్టుకొని, తల అడ్డంగా ఊపాను. ఆమె నా మొహంలోకి కాసేపు చూసి, పొట్లం బుట్టలో పెట్టి మూత వేసింది.

"మీ అవ్వకు ఎట్ల చెప్తవ్?" అని అడిగింది ఆ అమ్మాయి.

"అవ్వ పక్కనే కూసొని చెయ్యి పట్టుకుంట" అన్నాను.