విజయ వార్చిన గంజి

1984 జనవరి. మిషిగన్‌లోని నోవైలో ఒక అపార్ట్‌మెంట్ల సముదాయానికి నేను రెసిడెంట్ మేనేజర్‌ని. అంటే అక్కడే ఉంటూ అద్దె ఇళ్ళ మంచిచెడ్డలు చూసుకునే మనిషిని. కెమిస్ట్రీ చదివి రెంచ్ పట్టుకుంటానని అనుకోలేదు గానీ, పాపని వదలకుండా చేయగల ఉద్యోగం నాకు అదొక్కటే దొరికింది. దానికప్పుడు ఏడు నెలలు. ఎవరి చేతికీ ఇచ్చేదాన్ని కాదు. తుమ్మితే డాక్టర్‌కి ఫోను, నిద్రలో కదలకపోతే ముక్కు దగ్గర వేలు.

ఒక శనివారం పొద్దున్నే కింది అంతస్తు నుంచి విజయ ఫోన్ చేసింది.

"అక్కా, కొంప మునిగింది! సింకులో నీళ్ళు కదలట్లేదు. మధ్యాహ్నం బాబు మొదటి పుట్టినరోజు, మనవాళ్ళందర్నీ పిలిచేశాను. ఇంకా సగం వంట కూడా కాలేదు."

ప్లంబర్‌ని పిలిస్తే, ఊరంతా పైపులు గడ్డకట్టాయి, సోమవారం దాకా రాలేనన్నాడు. పాపని చంకనేసుకుని టూల్ బాక్స్‌తో దిగాను.

పైపు ముట్టుకునే ముందు అందులో ఏం పోశారో అడగడం నా అలవాటు.

"గ్రీజ్, అదే మాంసం కొవ్వు, ఏమైనా పోశావా విజయా?"

"అయ్యో, మా ఇంట్లో కోడిగుడ్డు కూడా ఉండదక్కా!"

"మరి నెయ్యి?"

"నిన్న వెన్న కాచి గిన్నె కడిగాను. అంతే."

"అన్నం?"

"పులిహోరకి పెద్ద గిన్నెతో వండి వార్చాను. గంజి పారబోయక దాచుకుంటామా?"

సంగతి అర్థమైంది. ఆ వంటింటి పైపు బయటి గోడలోంచి వెళ్తుంది. చలికి నెయ్యి పైపు లోపల అంటుకుంది. దాని మీద గంజి పేరుకుంది. కదలని నీళ్ళు గోడలో మంచుగడ్డ అయ్యాయి.

గదిలోని వేడి తగలాలని సింకు కింద అలమర తలుపులు తీసిపెట్టాను. ముందు విప్పాల్సింది పీ-ట్రాప్. దుర్వాసన పైకి రాకుండా కాసిని నీళ్ళు పట్టి ఉంచే వంపు పైపు అది. ఒంటిచేత్తో తిప్పబోయాను. పాప నా జడ పట్టుకుని లాగింది.

వంటసాయానికి ముందే వచ్చిన కమలగారు ఉల్లిపాయలు తరగడం ఆపారు.

"ఏం బిడ్డా, పైపు విప్పుతవా, పిల్లనెత్తుకుంటవా? ఇటియ్యి."

"కొత్తవాళ్ళ దగ్గర ఏడుస్తుందండీ."

"ఏడిస్తే ఏడుస్తది. నలుగుర్ని పెంచిన, నాకు ఏడుపు కొత్తా?"

చేతులు కడుక్కుని వచ్చి, నా జవాబు వినకుండానే తీసుకుపోయారు.

ట్రాప్ విప్పితే గంజి జున్నులా జారి బకెట్లో పడింది. దాని వెనక స్నేక్ తోశాను. అది పైపులోకి పంపే పొడవాటి స్ప్రింగు తీగ. కొంత దూరం పోయి ఠక్కున ఆగింది. మంచు! మరిగే నీళ్ళు పోస్తే ప్లాస్టిక్ ట్రాప్ బిగింపులు మెత్తబడతాయి. గోడలోది మాత్రం ఇనప పైపు, మెల్లగా వేడి చేస్తే లోపలికి పాకుతుంది. తడి తుడిచి, విజయ హెయిర్ డ్రయ్యర్‌ని గోడ దగ్గర పెట్టాను.

"రెండు పెడితే డబుల్ స్పీడ్ కదండీ," అంటూ విజయ భర్త ప్రసాద్ ఎవరినో అడిగి ఇంకోటి తెచ్చి ప్లగ్ చేశాడు. టప్‌మంది. రైస్ కుక్కర్ ఆగింది, టేప్ రికార్డర్‌లో సన్నాయి ఆగింది.

"మావారు ఎలక్ట్రికల్ ఇంజినీరక్కా," అంది విజయ, ముఖం తిప్పకుండా.

అందరం పడీ పడీ నవ్వాం, ప్రసాద్‌తో సహా. అతనే వెళ్ళి బ్రేకర్ వేసి వచ్చాడు. ఈసారి ఒక్క డ్రయ్యరే పెట్టాం. కాసేపటికి స్నేక్ మెత్తగా ముందుకు జారింది. ట్రాప్ బిగించి, సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్ళు పోశాను. సింకు ఒకసారి త్రేన్చింది. గుడగుడమని నీళ్ళన్నీ సుడి తిరిగి వెళ్ళిపోయాయి. వంటింట్లో చప్పట్లు! పులుసు గిన్నె స్టౌ ఎక్కింది.

అప్పుడు చూసుకున్నాను, నా చంక ఖాళీ.

తడి చేతులతోనే హాల్లోకి పరిగెత్తాను. కమలగారి ఒళ్ళో పాప, నోటినిండా ఆవిడ గాజులు. నన్ను చూసింది, బోసిగా నవ్వింది, మళ్ళీ గాజుల పనిలో పడింది.

"ఏడ్చిందా అండీ?"

"ఎవరు, ఇదా? నువ్వు గుర్తుకొస్తే కద!"

కాస్త చివుక్కుమన్న మాట నిజం. కానీ ఆ రోజు విస్తరి ముందు కూర్చుని, రెండు చేతులూ ఖాళీగా, వేడివేడిగా భోంచేశాను. పాప పుట్టాక అదే మొదటిసారి.

రెండేళ్ళు గడిచాయి, పిల్లలిద్దరూ పడుకున్నాక ఇది రాస్తున్నాను. ముక్కు దగ్గర వేలు పెట్టి చూడటం ఇంకా మానలేదు. ఉద్యోగమూ మానలేదు. ఇప్పుడు పనికి వెళ్తే చంకలో ఉండేది దాని తమ్ముడు. ఎవరింట సింకు నిండినా గుమ్మంలోనే రెండు ప్రశ్నలు వేస్తాను. ఇవాళ ఏం వండారు? వీణ్ణి ఎవరెత్తుకుంటారు?