ఒర్లా పైపుల పీక

బ్రీడా, ఒర్లా అక్కాచెల్లెళ్ళు. ఆ శీతకాలం తమ ఊరు కిల్‌రష్‌లో చర్చి హాల్లో ఇలన్ పైపులనే తిత్తి వాయిద్యం నేర్పుతున్నారని తెలిసి, ఇద్దరూ ఒకే శనివారం చేరారు. బ్రీడా స్కూలు బస్సు నడుపుతుంది, నలభై ఎనిమిదేళ్ళు. ఒర్లా ఏడేళ్ళు చిన్నది.

కుడి మోచేతి కింద గాలి కొట్టే తిత్తి, ఎడమ చంకలో గాలి నిలిపే సంచి, తొడ మీద ఆనించిన గొట్టం మీద వేళ్ళు. మూడూ ఒకేసారి సాగాలి. బ్రీడాకు గాలి కుదిరితే వేళ్ళు జారేవి, వేళ్ళు కుదిరితే గాలి చచ్చిపోయేది. ఒర్లాకు మాత్రం మూడో వారానికే పాట పలికింది.

"అక్కా, నువ్వు మరీ బిగుసుకుపోతున్నావే. కాస్త వదులుగా కూర్చో," అంది ఒర్లా.

"నా కూర్చోడం సంగతి నీకెందుకు? నీ పాట నువ్వు చూసుకో."

అమ్మ ఆదివారం భోజనాల దగ్గర ఆలుగడ్డలు వడ్డిస్తూ, "ఒర్లా చేతిలో ఏదో మహిమ ఉందే!" అంది. బ్రీడా కంచం పక్కకు జరిపింది. చిన్నప్పటి నుంచీ అంతే. ఈత, డాన్సు, చివరికి రొట్టె పొంగడం కూడా చెల్లెలికే. తనకు ఇష్టమైంది ఒక్కటైనా తనదిగా మిగలకూడదా?

మార్చిలో ఒర్లా వారం రోజులు గాల్వే వెళుతూ తన పైపులు అక్క ఇంట్లో పెట్టింది. తనింట్లో కుక్కపిల్ల ఉంది, తోలు కనిపిస్తే కొరికేస్తుందట. తిరిగొచ్చిన శనివారం మేనత్త కూతురి పెళ్ళిలో వాయించాలి.

సోమవారం మధ్యాహ్నం బ్రీడా పైపుల పెట్టె తెరిచింది. గొట్టం పైన దూర్చిన రెల్లుపీకను బయటికి లాగింది. దాని నడుముకు చుట్టిన రాగితీగను గోటితో కాస్త పైకి నెట్టి, మళ్ళీ దూర్చి వాయించింది. పైపు గొంతు పట్టేసిన బాతులా అరిచింది. ఆమెకు నవ్వొచ్చింది, ఒళ్ళంతా హాయిగా అనిపించింది. టీ చల్లారేలోపే ఆ హాయి పోయింది. పెళ్ళివారి ముందు ఒర్లా ముఖం ఎలా ఉంటుందో కళ్ళకు కట్టింది.

తీగను వెనక్కి జరిపింది. పాత గొంతు రాలేదు. ఇంకాస్త జరిపితే పై స్వరం కీచుమంది. అప్పటి నుంచి రోజూ బస్సు నిలిపి వచ్చి వంటింటి పొయ్యి పక్క కూర్చునేది. వెంట్రుకవాసి తీగ జరపడం, కింది స్వరం, పై స్వరం పక్కపక్కన పట్టి వినడం. పై స్వరం శ్రుతి తగ్గి వెనకబడితే పీకను కాస్త లోపలికి దింపేది. శ్రుతి పెరిగి మరీ ముందుకుపోతే పీక మొదట్లో ఇంకో చుట్టు దారం వేసి పైకి నిలిపేది. గురువారానికి రెండు స్వరాల మధ్య ఏది ఎంత తప్పుతోందో ఆమె చెవికి దానంతటదే తెలియసాగింది. శుక్రవారం సాయంత్రం గొంతు ఎక్కడా గీరుకోకుండా పలికింది.

పెళ్ళిలో ఒర్లా వాయిస్తుంటే అందరూ పళ్ళేలు కింద పెట్టి విన్నారు. బ్రీడాకు కడుపు మండింది. పలికేది తను సరిచేసిన పీక, పొగడ్తలు చెల్లెలివి.

పైపులు నేర్పే ఫింటన్ మాస్టారు, ఆ పీక చేసిన మనిషి, దగ్గరికొచ్చాడు. "ఒర్లా, ఈ పీక గొంతు ఇంత మెరుగైందే, దీన్ని ఎవరు ముట్టుకున్నారు?"

"ఎవరూ ముట్టుకోలేదండీ. అక్కవాళ్ళింట్లోనే ఉంది."

"నేనే మాస్టారూ," అంది బ్రీడా. "పాడు చేద్దామనే ముట్టుకున్నా. తర్వాత భయమేసి బాగు చేశా."

ఒర్లా అక్క వైపు తిరిగింది. "పెళ్ళిలో నా వాయింపు చెడగొట్టాలనా? ఎందుకక్కా?"

"నీకు అన్నీ వస్తాయి గనక. చూడలేక."

ఒర్లా పైపులు పెట్టెలో సర్ది వెళ్ళిపోయింది. ముసలి మాస్టారు బ్రీడాతో అన్నాడు: "చేసింది వెధవ పని. కానీ నీ చెవి మాత్రం నా చెవి కంటే మేలు. వచ్చే శనివారం మొండికేసిన పీకలు నాలుగు తెస్తా, చూడు."

ఒర్లా నెల రోజులు అక్క ఇంటి గడప తొక్కలేదు. ఏప్రిల్ చివర వానల్లో పీక ఉబ్బి శ్రుతి తప్పాక వచ్చింది. కోపం పూర్తిగా పోకుండానే పెట్టెను బల్ల మీద పెట్టింది. "నీమీద ఇంకా మంటగానే ఉంది. చూస్తావా లేదా?"

బ్రీడా చూసింది. గంటకు పైగా పట్టింది. చెల్లెలు వాయించి చూస్తుంటే, తేలిగ్గా పరుగెత్తే ఆ వేళ్ళ వంక ఇంకా ఓర్వలేనితనంతోనే చూస్తూ కూర్చుంది. పాట మధ్యలో మాత్రం, "ఆగు, పై స్వరం ఇంకా వెనకబడుతోంది. ఇలా ఇవ్వు," అంది.