దినాల కార్డుల్లో తెల్లపువ్వు

చిత్తూరు పాతబస్టాండు వెనక సందులో జియావుల్లా డీటీపీ అంగడి నడిచినంతకాలం, ఆ చుట్టుపక్కల ఎవరింట్లో చావు జరిగినా ఆ ఇంటివాళ్లు ఒకసారి ఆయన మెట్లెక్కేవాళ్లు. పెళ్లిపత్రికలు, కరపత్రాలు కూడా చేసేవాడు గానీ ఆయనకు పేరు తెచ్చినవి దినాల కార్డులు. ఫొటో కింద పేరు, పేరు కింద పోయిన మనిషి గురించి నాలుగు వాక్యాలు. ఆ వాక్యాలు ఆయనే రాసేవాడు. వచ్చినవాళ్లను బల్ల మీద కూర్చోబెట్టి, టీ తెప్పించి, "మీ నాయనకు ఏం తింటే ఇష్టం?" అని మొదలుపెట్టేవాడట. మంచివాడు, దానశీలి అని రాస్తే ఎవరి గురించీ రాసినట్టు కాదని ఆయన అభిప్రాయం.

నాకు ఆయన ఇఫ్ఫత్ వాళ్ల నాన్నగా తెలుసు. తిరుపతిలో ఎం.ఏ. తెలుగు చదివేటప్పుడు ఇఫ్ఫత్‌దీ నాదీ ఒకే హాస్టల్ గది. మా చదువు చివర్లో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట నెమ్మదించింది. అంగడి మూసేశారు. పాత కంప్యూటరు ఇంటికి చేరింది.

ఆ కంప్యూటరులో ఇఫ్ఫత్‌కు కావలసింది ఒక్కటే. వాళ్లమ్మ సుభాన్‌బీ, ఇఫ్ఫత్ అయిదో తరగతిలో ఉండగా పోయింది. నలభయ్యో రోజున చేసే ఫాతెహా ప్రార్థనకు జియావుల్లా ఆమె పేరున ఒక కార్డు వేయించాడు. ఆ వీధి సాయిబుల ఇళ్లలో అంతకుముందు అలాంటి కార్డు ఎవరూ వేయలేదు. ఇంట్లో మిగిలిన ఒక్క కార్డును చెక్క బీరువా లోపల అంటిస్తే చెదలు తినేసింది.

"పేరు కింద నాలుగు లైన్లు ఉన్నాయని తెలుసు లోహితా. ఒక్క మాటా గుర్తులేదు. మా అబ్బాను అడిగితే మొహం తిప్పుకుంటాడు," అంది ఇఫ్ఫత్.

పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసినవి కొత్త కంప్యూటర్లలో తెరిస్తే తెలుగు కనపడదు. బ్రాకెట్లు, చుక్కలు, ఇంగ్లీషు అక్షరాలు గుట్టగా పడి ఉంటాయి. అప్పట్లో ఒక్కో గుర్తూ తెలుగు అక్షరంలో ఒక ముక్కను గీసేది. ఏ గుర్తు ఏ ముక్కో పట్టిక రాసి ఇస్తే, ఫైళ్లన్నిటినీ చదివి మార్చే స్క్రిప్టు రాయడం మా విభాగంలో పాత పత్రికల పని చేస్తూ నేర్చుకున్నాను. ఇఫ్ఫత్ ఆ కంప్యూటరులోని కార్డుల మాటలన్నిటినీ ఉత్త టెక్స్ట్ ఫైళ్లుగా తీసిపెట్టింది. ఒక ఆదివారం చంద్రగిరి మీదుగా వెళ్లే బస్సెక్కి వాళ్లింటికి వెళ్లాను.

పెళ్లిపత్రికలు చక్కగా తెలుగయ్యాయి. మొదటి దినాల కార్డు దగ్గర స్క్రిప్టు ఆగిపోయింది.

"ఏమయింది?"

"నా పట్టికలో లేని గుర్తేదో వచ్చింది."

"చెత్త అయ్యుంటాది. తీసెయ్."

"తీసేయొచ్చు. అది ఏ ఒత్తో, గుడో అయితే? మీ అమ్మ కార్డులో మాటలు విరిగిపోవూ?"

"అయితే ఉండనీ," అంది ఇఫ్ఫత్.

ఆగకుండా ముందుకు పోతూ, ఆ గుర్తు ఎక్కడెక్కడ ఉందో మాత్రం చెప్పేలా స్క్రిప్టు మార్చాను. పెళ్లిపత్రికల్లో ఒక్కటీ లేదు. దినాల కార్డుల్లోనే ఉంది, అదీ పేరుకు ముందు మాత్రమే. కొన్నిటిలో రెండుమూడు, కొన్నిటిలో వరసగా బోలెడు.

"మా అబ్బా వీటికి దిష్టి తగలకుండా తావీజు కట్టినట్టుండాడే," అని నవ్వింది ఇఫ్ఫత్.

పాత కంప్యూటరులో అసలు కార్డు తెరిచాం. పేరు ముందు ఖాళీ తెలుపు తప్ప ఏమీ లేదు. ఆ వరస మొత్తాన్ని పట్టుకుని రంగు నలుపు చేశాను. తెల్లకాగితం మీద తెల్లరంగులో ఉన్నవి బయటపడ్డాయి. చిన్న చిన్న పువ్వులు. బార్డర్లకు వాడే అయిదు రేకుల పువ్వు. టెక్స్ట్ ఫైలుగా తీసినప్పుడు రంగు పోయి, గుర్తు మిగిలిందన్నమాట.

మంచం మీద దిండ్లకు ఆనుకుని జియావుల్లా చూస్తున్నాడు.

"ఇవేంటివి చిన్నాయనా?" అని అడిగాను.

"నేను పెట్టినవే పాపా." ఒక్కోమాట కూడదీసుకుని చెప్పాడు. "కొత్త కార్డు చేస్తే బార్డరు జరిగిపోతాది. అందుకని పాతదే తెరిచి, దాని మీదనే కొత్త పేరు, కొత్త మాటలు కొడతాం. అందురూ అంతే చేస్తారు. పోయినోళ్ల పేరు చెరిపేటప్పుడు నాకు చెయ్యాడేది కాదు. ఆ తావులో ఒక పువ్వు పెట్టి, ఆ పక్కన కొట్టేవాణ్ణి. కాగితం మీద పడకుండా తెల్లరంగు ఏసేవాణ్ణి. వచ్చినోళ్లు సూస్తే బాధపడతారు గదా."

ఇఫ్ఫత్ చెయ్యి మౌసు మీద కదలకుండా ఉంది. తర్వాత మెల్లగా, వాళ్లమ్మ కార్డుకు ఉన్నట్టే నెలవంక బార్డరున్న కార్డు తెరిచింది. అందులో ఉన్న పేరు పుత్తూరులో కట్టెల డిపో నడిపిన ఒకాయనది. ఆ పేరు ముందు, రంగు మార్చగానే, వరసగా పువ్వులు.

"అమ్మది యాడ అబ్బా?"

జియావుల్లా ఎడమచెయ్యి చాపాడు. అందలేదు. ఇఫ్ఫత్ తెరను దగ్గరికి జరిపింది. ఆయన వేలు మొట్టమొదటి పువ్వు మీద ఆనింది.

"అమ్మనూ చెరిపినావా? అమ్మను గూడానా?"

"ఫాతెహా అయిన మరుసునాడే అంగడి తీసినాను. గాజులమ్మే ఖాజా మొహిద్దీన్ వచ్చి మెట్టు మీద కూలబడినాడు. వాళ్లమ్మ పోయింది. మీ అమ్మ కార్డు చేతిలో పట్టుకోనుండాడు. ఇట్లాంటిదే మా అమ్మకూ కావాల జియాభాయ్ అన్నాడు. ఏమని చెప్పేది? తెరిచినాను. పువ్వు పెట్టినాను, కొట్టినాను. చేతికి అదే అలవాటు బిడ్డా. సేవ్ చేసినంక తెలిసొచ్చింది."

ఇఫ్ఫత్ లేచి వంటింట్లోకి పోయింది. కొళాయి నీళ్లు పడుతున్న శబ్దం చాలాసేపు వినపడింది. జియావుల్లా వేలు ఇంకా తెర మీదనే ఉంది. నేను తలవంచుకుని కీబోర్డు చూస్తూ కూర్చున్నాను.

ఆమె తిరిగొచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పట్టికలో ఈ గుర్తుకు ఎదురుగా ఏం రాయను?" అని అడిగాను. "ఏమీ రాయకపోతే ఇక్కడే ఆగుతుంది. ఖాళీ అని రాస్తే అన్నీ పోతాయి."

"పువ్వు అనే రాయి."

రాశాను. స్క్రిప్టు ఈసారి ఎక్కడా ఆగకుండా చివరిదాకా పోయింది. అంగడి తీసిన నాటినుంచి ఆయన రాసినవాళ్లలో, ఒక్కో కార్డులో ఆఖరున పడినవాళ్లు మాత్రం తెలుగులో కనిపించారు. మిగిలినవాళ్లంతా పువ్వులే.

ఇఫ్ఫత్ నెలవంక కార్డు ఫైలును తెరిచి, మొదటి పువ్వు పక్కన వాళ్లమ్మ పేరు టైపు చేసింది.

"తర్వాత చెప్పు అబ్బా. ఏం రాసినావు?"

ఆయన తెర మీది పేరు చదువుకున్నాడు.

"జ్ఞాపకం లేదు. ఎంతమందికో రాసినాను గదా. అందురూ ఒకరిలో ఒకరు కలిసిపోయినారు. మీ అమ్మ యాడుండాదో దొరకలేదు."

ఇఫ్ఫత్ కుర్చీని మంచం పక్కకు లాక్కుంది. కీబోర్డు ఒళ్లో పెట్టుకుంది. బల్ల మీద కూర్చున్నవాళ్లను ఆయన అడిగినంత నెమ్మదిగా అడిగింది.

"ఆమెకు ఏం తింటే ఇష్టం?"

జియావుల్లా కూతురి మొహంలోకి చూశాడు.

"ఉడకేసిన చెనిక్కాయలు," అన్నాడు. "బస్సులో పోయేటప్పుడు తినేది. తొక్కలు తెచ్చి నా జేబులో ఏసేది."