ఖురియాత్‌లో అరవయ్యేళ్ళ కొత్త పెళ్ళికొడుకు

ఆ ప్రయాణానికి మూలం ఒక ఉత్తరం. తొంభైల మొదట్లో మస్కట్ పక్కన రువీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉండేవాణ్ణి. సెలవులో అమలాపురంలో చూసొచ్చిన సత్యవతి నాకు తెగ నచ్చింది. పెళ్ళిచూపుల్లో అందరూ నా జీతం అడిగితే, తను మాత్రం "అక్కడ వాన పడుతుందా?" అని అడిగింది. కానీ ఒక్కతే కూతురు. నేను గల్ఫ్ నుంచి వచ్చేశాక వాళ్ళింట్లోనే ఉండాలన్నది షరతు. "ఇల్లరికమంటే నలుగురిలో చులకన. అయినా నీ ఇష్టం, వెంటనే జాబు రాయి" అని నాన్న రాశారు. పది రోజులైనా నా కలం కదల్లేదు.

నేను సరిగ్గా తినడం లేదని మా మెస్ వంటమనిషి మొయిదు కనిపెట్టాడు. అరవైకి దగ్గరపడ్డ కన్నూరు మాప్పిళ ముస్లిం. వాళ్ళ భాషలో 'ఇక్కా' అంటే అన్న, అందుకే అందరం మొయిదుక్కా అనేవాళ్ళం. సంగతి విని, తన హిందీలో, "శుక్రవారం మా ఇంటికి రా" అన్నాడు. వెంటనే దిద్దుకున్నాడు: "మా ఇల్లు కాదు, మా ఆవిడ ఇల్లు."

ఆ శుక్రవారం పొద్దున ఏడింటికి కంపెనీ పికప్‌లో బయల్దేరాం. షేర్ టాక్సీ అయితే అప్పట్లో మనిషికి ఒక రియాల్. వాది అదై అనే లోయ దాటాక కొండల మధ్య మెలికల రోడ్డు, మొత్తం గంటన్నర. డ్రైవర్ మస్తాన్‌ది కడప. దారంతా నన్ను ఆటపట్టిస్తూనే ఉన్నాడు.

"ఇల్లరికమంటే అత్త ముందర చేతులు కట్టుకోని నిలబడాల కదన్నా! చూసుకో మరి!"

సముద్రం ఒడ్డునున్న ఖురియాత్‌లో ఆగాం. అక్కడ కిరాణా కొట్టు నడిపే మొయిదుక్క బావమరిది అద్దె కట్టినా, ఇంటి పెత్తనం అత్తగారిదే. వాళ్ళలో ఇల్లు తల్లి నుంచి కూతురికి వస్తుంది, పిల్లలు తల్లి ఇంటిపేరుతో పెరుగుతారు, పెళ్ళయ్యాక మగవాడే భార్య ఇంటికి వస్తాడు. అతన్ని 'పుదియాప్ల' అంటారు, అంటే కొత్త పెళ్ళికొడుకు. జుట్టు పండినా ఆ పిలుపు మారదట. వారమంతా ఉప్పెక్కువైందని మేం సతాయించే మనిషి అక్కడ మెత్తటి దిండుకి ఆనుకుని దర్జాగా కూర్చున్నాడు. అలవాటుకొద్దీ వంటగది వైపు అడుగేస్తే, డెబ్బై ఏళ్ళ అత్తగారు గుమ్మంలోంచే గదమాయించింది. పుదియాప్ల గరిటె పడితే ఇంటికి పరువు తక్కువట! బియ్యప్పిండితో చేసిన పల్చటి పత్తిరి రొట్టెలు, కొబ్బరిపాలతో చేపల పులుసు, పాకంలో గుడ్డు సొనను దారాల్లా పోసిన ముట్టమాల వచ్చాయి. పెద్ద చేప ముక్క అతని కంచంలోకే వెళ్ళింది. మస్తాన్ నోరెత్తకుండా తిన్నాడు.

భోజనాలయ్యాక అడిగేశాను. "ఎప్పుడూ నామోషీ అనిపించలేదా, ఇక్కా?"

"ఒక్క చిక్కుంది," అన్నాడు. "గొడవైతే నేనే బయటికి పోవాలి. సముద్రం దగ్గర కూర్చుంటాను. కోపం తగ్గాక ఆవిడ కబురు పెడుతుంది. మీ దగ్గర గొడవైతే ఎవరు పోతారు?"

గొడవపడి ట్రంకుపెట్టెతో మా ఇంటికొచ్చిన అక్క గుర్తొచ్చింది. నలుగురేమనుకుంటారని మూడోరోజే నాన్న వెనక్కి పంపేశారు. బస్సెక్కించింది నేనే. మొయిదుక్క ముందు సిగ్గుతో తలెత్తలేకపోయాను.

నాలుగింటికి తిరుగు ప్రయాణం. రువీ చేరగానే రూమ్‌కి వెళ్ళి నాలుగు లైన్లు రాసి, పోస్టు డబ్బాలో వేసి వచ్చాను. మస్తాన్ మెస్ దగ్గర ఎదురుచూస్తున్నాడు.

"ఏం రాస్తివన్నా?"

"ఇల్లరికం వస్తానని రాశా."

"అయితే పెద్ద ముక్క నీదేలే!" అన్నాడు నవ్వుతూ.

మొయిదుక్క ఇప్పుడు లేడు. మెస్ కూడా ఎప్పుడో మూసేశారట. ఆ శుక్రవారం మాత్రం నా దగ్గరే ఉంది. తలుచుకున్నప్పుడల్లా కొబ్బరిపాల వాసన, దాని వెనకే అక్క ముఖం. అలాంటి ఇంటికి మీరెప్పుడైనా వెళ్తే ఒక్కటి గుర్తుంచుకోండి: చెప్పులు విడిచి గుమ్మం బయటే ఆగండి, ఇంటావిడ పిలిచాకే లోపలికి అడుగుపెట్టండి. ఇల్లు ఆవిడది. ఇదంతా అమలాపురంలో మా ఆవిడ ఇంటి మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. పొద్దున సత్యవతితో చిన్న గొడవైంది. ఇంకా కబురు రాలేదు.